బరువెక్కిన చోట దిగిన గంప

అనగా అనగా, కొండలకి ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజులు. మబ్బులు అడక్కుండా ఇళ్ళలోకి వచ్చి, పొయ్యి పక్కన కాసేపు కూర్చుని పోయే రోజులు. ఆ రోజుల్లో ఒక కొండ. ఆ కొండ మీద మూడు ఊళ్ళు.

కింద గెడ్డ అనే కొండవాగు పక్కన ఉన్నది అడుగుపుట్టు. కొండ నడుమున ఉన్నది నడిమిపుట్టు. ఆకాశానికి తల తగులుతుందేమో అన్నట్టు కొసన ఉన్నది కొసపుట్టు.

అడుగుపుట్టులో నీళ్ళున్నాయి, ఎడ్లున్నాయి, పెదనాయుడున్నాడు. నడిమిపుట్టులో పనసలున్నాయి, తేనెపట్లున్నాయి, మంచి డప్పులున్నాయి. కొసపుట్టులో చలి ఉంది, గాలి ఉంది, సొంబారి ఉంది.

సొంబారి పెద్దింటి మనిషేం కాదు. సోమవారం పుట్టింది, అందుకని ఆ పేరు. మొగుణ్ణి జ్వరం తీసుకుపోయాక అన్న లింబన్న గుడిసె చూరు కింద ఇంత చోటు చేసుకుని ఉండిపోయింది. చేను లేదు, గొడ్డు లేదు. చేసే పనల్లా మోత. ఎవరి కట్టెలైనా మోసేది, ఎవరి కుండలైనా మోసేది, కింద సంతలో కొన్న ఉప్పు కొస దాకా మోసేది. దాని మెడ మెడ కాదు, ఇంటి నిట్రాడు అని నవ్వేవారు. సొంబారీ నవ్వేది. నవ్వినా నెత్తి మీద బరువు కదిలేది కాదు.

ఆ మూడు ఊళ్ళకీ కలిపి ఒకటే విత్తనాల పండగ. ఎండలు ముదిరాక వచ్చేది. పండగనాడు దిసరి గెడ్డ ఒడ్డున కూర్చునేవాడు. దిసరి అంటే దేవుళ్ళకీ మనుషులకీ మధ్య మాట నడిపే పెద్దాయన. మూడు ఊళ్ళ సామలూ, చోళ్ళూ, కొర్రలూ కలిపి ఒక గంపలో పోసి, పసుపు చల్లి, ఒక మనిషి నెత్తిన పెట్టేవాడు.

గంప మోసే మనిషికి సొంత చేను ఉండకూడదు. ఉంటే కాళ్ళు ఆ చేనివైపే లాగుతాయి కదా. అందుకే ఏటేటా ఆ మోత సొంబారిదే.

మోసే మనిషికి మూడు కట్టుబాట్లు. మాట్లాడకూడదు. వెనక్కి చూడకూడదు. దించాక ఆ రోజు మళ్ళీ ఎత్తకూడదు.

చూసేవాళ్ళకీ మూడు. గంప మోసే మనిషిని ముట్టుకోకూడదు. ఎదురు రాకూడదు. గంప దిగిన చోట పార పడేదాకా మెతుకు ముట్టకూడదు.

మరి గంప ఎక్కడ దించాలి? దానికి తాతల నాటి మాట ఒకటుంది. బరువెక్కిన చోట దించు. అంతే, ఇంకేం లేదు.

ఆ గంప గెడ్డ ఒడ్డున లేచి, నాలుగడుగులు వేసి, మూడు ఊళ్ళకీ పెద్దయిన పెదనాయుడి వాకిట్లో బరువెక్కేది. ఏటేటా అక్కడే బరువెక్కేది. చోడికల్లు కుండలు అక్కడే ఉండేవి మరి.

అక్కడితో అయిపోతే ఏ బాధా లేదు. గంప దిగిన ఊరి మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకి వెళ్ళాలి. వేట తెస్తేనే పండగ ముగిసినట్టు. ఒట్టి చేతుల్తో వస్తే ఆడవాళ్ళు దారికి అడ్డం నిలబడి పేడనీళ్ళు కొట్టేవారు. ఆ సిగ్గుకి మగవాళ్ళు అడవిలోనే తిరిగేవారు, ఉడుతైనా దొరక్కపోతుందా అని. వాళ్ళు వచ్చేదాకా గంప అక్కడే కూర్చునేది. అడుగుపుట్టు వేట ముగిశాక నడిమిపుట్టుకి వెళ్ళేది. అక్కడా వేటే, అక్కడా పేడనీళ్ళే. ఆఖరికి ఎప్పటికో కొసపుట్టుకి చేరేది. గంప రాకుండా విత్తు వేస్తే కొండతల్లికి కోపం. అదీగాక కొసపుట్టులో ఎడ్లు లేవు, చేతులు తక్కువ. ముందే వెయ్యాలన్నా దున్నేదెవరు?

గంప కొసకి చేరేసరికి తొలకరి దాటిపోయేది. ముసురు పట్టేది. బురదలో చల్లిన విత్తనం సగం వానకి కొట్టుకుపోయేది. మిగిలింది మొలిచి, పెరిగి, కంకి వేసే వేళకి పైనుంచి మంచు దిగేది. కింద వాళ్ళకి మంచు అంటే వేకువజాము చలి. కొసన మంచు అంటే కంకిని కాల్చేసే నిప్పు.

కంకి నలిపి అరచేతిలో పోసుకుని ఊదితే పొట్టు ఎగిరిపోవాలి, గింజ మిగలాలి. కొసపుట్టులో లింబన్న ఊదాడు. అన్నీ ఎగిరిపోయాయి. అరచెయ్యి మిగిలింది. అంతా తాలు.

ఆ ఏడు పండగకి సొంబారి పెదనాయుడి ముందు నిలబడింది. ఈసారి గంప ముందు పైకి తీసుకుపోతాను బాబూ, అని అడిగింది. పెదనాయుడు చెడ్డవాడేం కాదు, కడుపు నిండినవాడు. గంప ఎక్కడ దిగాలో మోసేదాన్ని అడిగి తెలుసుకోవాలా అని నవ్వాడు. అందరూ నవ్వారు. గంప వాకిట్లోనే దిగింది.

రెండో ఏడూ లింబన్న ఊదాడు. అన్నీ ఎగిరిపోయాయి. అరచెయ్యి మిగిలింది. సొంబారి దిసరిని అడిగింది. దిసరి గడ్డం గోక్కుని, పెద్దలు ఎలా నడిపితే అలా నడవాలి తల్లీ, అన్నాడు. గంప వాకిట్లోనే దిగింది.

మూడో ఏడూ లింబన్న ఊదాడు. మూడో ఏడూ అరచెయ్యే మిగిలింది. సొంబారి గెడ్డ దగ్గర నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళని అడిగింది. పెదనాయుడి భార్యని అందరూ నాయురాలు అనేవారు. గట్టి మనిషి, నోరు అంతకన్నా గట్టిది. ఆవిడ బిందె చంకనెత్తుకుంటూ అంది:

"ఓలమ్మ, మీ కొసపుట్టోళ్ళకి మబ్బు పక్కింటిదే కదే. కూడు దాన్నే అడుక్కోండి. మా వాకిలెందుకు?"

ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఈసారి సొంబారి నవ్వలేదు.

ఆ చలికాలం కొసపుట్టు జనం మామిడి టెంకలు నూరి, గెడ్డ నీళ్ళలో నానబెట్టి చేదు తీసి, ఆ పిండితో అంబలి కాచుకు తాగారు. టెంకలూ అయిపోవచ్చాయి. ఒకరోజు లింబన్న ఊరందరినీ కూర్చోబెట్టాడు. మాట తిన్నగానే చెప్పాడు.

"ఈ ఏడు కూడా తాలే పడితే కుండలు బోర్లించేద్దాం. మైదానానికి దిగిపోదాం. ఎవరి చేలోనో కూలి చేసుకు బతుకుదాం."

కుండలు బోర్లించడం అంటే ఊరు చచ్చిపోవడం. పొయ్యి ఆర్పి, కుండ తిరగేసి, వెనక్కి చూడకుండా పోవడం. ఒకసారి బోర్లించిన కుండని మళ్ళీ నిలబెట్టిన ఊరు ఆ కొండల్లో లేదు. ముసలివాళ్ళు ఏడ్చారు. అయినా కాదనలేదు. మాట అనుకోవడమే ఆలస్యం, కొందరు మూటలు కూడా కట్టుకున్నారు. చూస్తూ చూస్తూ ఊరు గుమ్మంలోకొచ్చి నిలబడింది.

సొంబారి కూడా మూట కట్టింది. తనదంటూ ఏముంది, ఒక చీర, ఒక దువ్వెన. తర్వాత ఒక్కతే కిందికి దిగి దిసరి గుడిసెకి వెళ్ళింది.

"తాతా, ఒక్క మాట. గంప ఎక్కడ దించాలో ఎవరు చెప్పాలి?"

"గంపే చెప్తాది. బరువెక్కిన చోట దించాలి."

"పెదనాయుడు చెప్తే?"

దిసరి ఆమె మొహంలోకి చూశాడు. "నాయుడి మాట పాతదే. గంప మాట ఇంకా పాతది," అన్నాడు.

సొంబారి తల ఊపి వచ్చేసింది.

పండగ వచ్చింది. మూడు ఊళ్ళ జనమూ గెడ్డ ఒడ్డున చేరారు. అందరి చేతుల్లోనూ పారలు, గునపాలు. గంప దిగిన చోట నేల తవ్వాలి కదా. గంప ఎలాగూ తమ ఊళ్ళోనే దిగుతుందని అడుగుపుట్టు మగవాళ్ళు పొద్దున్నే వేటకి పోయారు. దిసరి గంప ఎత్తి సొంబారి నెత్తిన పెట్టాడు. డప్పులు మోగాయి.

సొంబారి నడిచింది.

పెదనాయుడి వాకిలి వచ్చింది. ముగ్గు పెట్టి ఉంది. కల్లు కుండలు వరసగా ఉన్నాయి. గంప దిగే చోట పీట ముందు పెదనాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సొంబారి వాకిలి చూసింది. పీట చూసింది. దాటిపోయింది.

డప్పులు తడబడ్డాయి. పెదనాయుడు చేతులు విప్పాడు. దీనికి దారి తప్పిందా ఏటి, అన్నాడు. నాయురాలు ఎండకి బుర్ర తిరిగి ఉంటాదిలే, మళ్ళొస్తాది అంది. సొంబారి మళ్ళలేదు. కొండదారి పట్టింది.

"తాతా, ఆపు దాన్ని," అన్నాడు పెదనాయుడు.

"ఎలాగ ఆపను? ముట్టుకోకూడదు, ఎదురెళ్ళకూడదు. నువ్వు ఆపుతావా?"

పెదనాయుడు ఎలా ఆపుతాడు? కొండతల్లి గంప అది. ఇటు చూస్తే పార పడేదాకా మెతుకు ముట్టకూడదు, గుక్కెడు కల్లు కూడా లేదు. చేసేదేముంది, గంప వెనకాలే నడిచారు. నాయురాలు మాత్రం తెలివైంది. అది ఎక్కడ దించితే అక్కడే తినాలి కదా, కుండలెత్తండే అని కోడళ్ళకి పురమాయించింది. అన్నం కుండలు లేచాయి, కల్లు కుండలు లేచాయి, పీట కూడా లేచింది. ముందు సొంబారి, వెనక కొండంత జనం.

నడిచింది, నడిచింది, నడిచింది. నడిమిపుట్టు వచ్చింది. అక్కడి ముసలివాళ్ళు మా వంతు ఇంత తొందరగా వచ్చిందా అని సంబరపడి పనసచెట్టు కింద చోటు చిమ్మారు. సొంబారి నోరెండిపోయింది. ఆ నీడ చూస్తే ప్రాణం లాగింది. పనసచెట్టు చూసింది. దాటిపోయింది. నడిమిపుట్టు వాళ్ళు నోళ్ళు తెరిచి, చీపుళ్ళతో సహా వెనక నడిచారు.

నడిచింది, నడిచింది, నడిచింది. కొస కింద బోడిమెట్ట వచ్చింది. చెట్టు లేదు, పొద లేదు, నున్నటి ఏటవాలు నేల. దాని మీద కొసపుట్టు వాళ్ళు తప్ప ఎవరూ ఎక్కరు. వాళ్ళు కూడా చేతులు ఆన్చుకుని ఎక్కుతారు. సొంబారి చేతులు రెండూ గంప మీద ఉన్నాయి. ఓ అడుగు వేసింది, నిలిచింది. ఇంకో అడుగు వేసింది, నిలిచింది. మూడో అడుగుకి కాలు జారింది.

గంప ఊగింది. మూడు ఊళ్ళ విత్తనం ఊగింది. కింద జనం గుండెలు ఊగాయి. ఆ గింజలు దొర్లిపోతే ఆ ఏడు కొసపుట్టుకే కాదు, ఎవరికీ విత్తు లేదు. ముట్టుకుందామా అంటే ముట్టుకోకూడదు. సొంబారి మోకాలి మీద ఆగింది. లేవడానికి కాలికి పట్టు దొరకలేదు. అన్న లింబన్న కింద నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు.

అప్పుడు నాయురాలు చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, మెట్ట మీదికి పక్కనుంచి పాకింది. తన పార తీసి సొంబారి కాలి కింద నేలలోకి దిగగొట్టింది. కర్ర రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"ముట్టుకోవద్దన్నారు గాని మెట్టెయ్యొద్దనలేదు కదా. కాలెయ్యే, సొంబారీ. నా గింజలు కూడా ఉన్నాయందులో."

సొంబారి ఆ పార మీద కాలు వేసింది. లేచింది. లింబన్న ఇంకో పక్కనుంచి పాకి తన గునపం దిగగొట్టాడు. సొంబారి దాని మీద కాలు వేసింది. తర్వాత ఎవరో నడిమిపుట్టు మనిషి పార. తర్వాత ఎవరో అడుగుపుట్టు కోడలి పార. ఎవరిది ఏదో చూసే తీరిక లేదు. పార మీద పార, గునపం మీద గునపం, ఆ బోడిమెట్ట పొడుగునా మెట్లు మొలిచాయి. ఒక్కో మెట్టునీ పట్టుకుని ఒక్కో మనిషి. ఎవరూ సొంబారిని ముట్టుకోలేదు. అందరూ కలిసి ఆమెని ఎక్కించారు.

పైన కొసపుట్టులో ముసలివాళ్ళు మెట్ట మీదుగా పారలతో వస్తున్న జనాన్ని చూసి హడిలిపోయారు. మనం పోకముందే తరిమేస్తున్నారర్రా అని మూటలు చంకన పెట్టుకున్నారు.

సొంబారి ఊరు దాటింది. అన్నిటికన్నా పైనున్న చేను దగ్గరికి వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుంది. గంప దించింది.

డప్పులు ఆగిపోయాయి. పెదనాయుడు రొప్పుతూ వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది, కోపం సగం, ఎక్కిన ఆయాసం సగం.

"ఇక్కడెందుకు దించావే?"

గంప దిగింది కాబట్టి ఇక మాట్లాడొచ్చు. సొంబారి నెమ్మదిగా అంది.

"ఇక్కడే బరువెక్కింది బాబూ. మీ వాకిట్లో ఎప్పుడూ బరువెక్కలేదు. అక్కడ నీళ్ళున్నాయి, ఎడ్లున్నాయి. అన్నీ ఉన్న చోట గంప తేలిగ్గానే ఉంటాది. మీరూ ఎక్కొచ్చారు కదా. నిజం చెప్పండి, మీకెక్కడ బరువెక్కింది?"

పెదనాయుడు తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు. అప్పుడు నడిమిపుట్టు డప్పులాయన, నేల మీద చతికిలబడినవాడు, నాకైతే బోడిమెట్ట మొదట్లోనే ఎక్కేసింది నాయుడు బావా, అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. పెదనాయుడి నోరు కూడా వంకర తిరిగింది. ఆపుకోలేక నవ్వేశాడు. నవ్వుతూనే చుట్టూ చూశాడు. ఎండిన చేలు చూశాడు. చంకల్లో మూటలు చూశాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. అన్నేళ్ళ నాయుడరికంలో ఆయన కొసపుట్టు దాకా ఎక్కడం అదే మొదలు. మూడేళ్ళ తాలు చెవులతో విన్నాడు గాని కళ్ళతో చూడలేదు.

దిసరి గంప ముందు కూర్చుని, గంప దిగింది, పార పడాలి, అన్నాడు.

మొదటి పార నాయురాలిది. రెండోది పెదనాయుడిది. మూడోది ఎవరిదో తెలీదు, అన్నీ ఒకేసారి పడ్డాయి. గంప చుట్టూ నాలుగు పారలు వేస్తే చాలు, కట్టుబాటు తీరిపోయేది. కాని ఎవరూ ఆగలేదు. పై చేను తవ్వారు, పక్క చేను తవ్వారు, కింద చేను తవ్వారు. ఊరి మనుషులు నెలంతా తవ్వినా తరగని నేల పొద్దు వాలేసరికి మెత్తగా లేచి కూర్చుంది. అప్పుడు అడుగుపుట్టు కుండలు దిగాయి. కొసపుట్టు వాళ్ళు తమ దగ్గరున్న టెంకల అంబలి సిగ్గుపడుతూ తెచ్చారు. నాయురాలు ఒక గుటక వేసి, మొహం చిట్లించి, రెండో గుటక కూడా వేసింది. కోడలి చేతిలో అన్నం కుండ లాక్కుని తానే కొసపుట్టు వాళ్ళ ఆకుల్లో వడ్డించింది, ముందు వాళ్ళకి.

అప్పుడొచ్చారు వేటగాళ్ళు. ఊళ్ళో పిల్లి కూడా లేకపోయేసరికి భయపడి, పైన పొగ చూసి ఎక్కొచ్చారు. ఒట్టి చేతులు. కుందేలు తోక కూడా లేదు. ఆడవాళ్ళు నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. కొసన పేడ ఎక్కడ దొరుకుతుంది, ఎడ్లే లేవాయె.

"పేడనీళ్ళు కింద ఉన్నాయి, దిగి కొట్టించుకుంటారా? ఇక్కడే పార పట్టుకుంటారా?" అంది నాయురాలు.

వాళ్ళు పార పట్టుకున్నారు. మర్నాడు మిగిలిన చేలన్నీ వాళ్ళే తవ్వారు. వేట ఇంత తొందరగా ముగిసిన పండగ అంతకు ముందు లేదు.

తర్వాత గంప నడిమిపుట్టుకి దిగింది. కొసపుట్టు వాళ్ళందరూ వెనకే దిగి అక్కడ తవ్వారు. ఆ తర్వాత అడుగుపుట్టుకి దిగింది. రెండు ఊళ్ళ వాళ్ళూ దిగి అక్కడ తవ్వారు. గెడ్డ పక్క నేల నీళ్ళున్న నేల, కాస్త ఆలస్యమైనా ఏమీ అనుకోలేదు.

తొలకరి వచ్చింది. ఆ ఏడు తొలకరి కొసపుట్టు విత్తనం మీద పడింది. మొలకలు లేచాయి. ముసురు వచ్చేసరికి వేళ్ళు గట్టిపడ్డాయి. మంచు ఇంకా ఆలోచిస్తూ ఉండగానే కంకులు తలలు వంచేశాయి.

లింబన్న చేలోకి వెళ్ళాడు. ఊరంతా గట్టు మీద నిలబడింది. ఒక కంకి తుంచాడు. అరచేతిలో నలిపాడు. ఊదాడు. పొట్టు ఎగిరింది, గింజలు మిగిలాయి. నమ్మలేదు. మళ్ళీ ఊదాడు. గింజలు మిగిలాయి. మూడోసారి ఊదబోయి ఊదలేకపోయాడు. అరచెయ్యి చాపి చెల్లెలికి చూపించాడు. సొంబారి ఒక గింజ తీసి నోట్లో వేసుకుని కొరికింది. టక్కుమంది. ఆ చప్పుడు గట్టు మీది వాళ్ళందరికీ వినిపించిందంటారు. మూటలు ఆ పూటే విప్పేశారు.

ఇంకో సంగతి ఎవరూ అనుకోనిది జరిగింది. కింద పంట ఇంకా పచ్చిగానే ఉంది. పాత గింజలు అయిపోయాయి. ఏటేటా వచ్చే ఆకలి నెల అది. ఆ నెలలో అడుగుపుట్టులో కూడా టెంకలు నూరేవారు, బయటికి చెప్పుకునేవారు కాదు, అంతే. ఆ నెలలో సొంబారి గంప నిండా కొత్త సామలు పోసుకుని దిగింది. వెనక కొసపుట్టు జనమంతా గంపలతో దిగారు. పెదనాయుడి వాకిట్లో గంప దించింది.

"ఇక్కడ బరువెక్కిందేటే?" అంది నాయురాలు.

"ఎక్కింది నాయురాలా," అంది సొంబారి.

అప్పట్నించీ ఆ కొండ మీద ఆకలి నెల లేదు. కొస ముందు పండేది, నడుము తర్వాత పండేది, అడుగు ఆఖర్న పండేది. ఎవరి పంట ముందొస్తే అందరూ అదే తినేవారు. పెదనాయుడు సొంబారికి గెడ్డ పక్కన చేను ఇస్తానన్నాడు. సొంబారి వద్దంది. చేనుంటే గంప మొయ్యడానికి పనికిరాను బాబూ, అంది. బతికినన్నాళ్ళూ తానే మోసింది.

సొంబారి పండి రాలిపోయింది. సమాధి మా ఊళ్ళో పెడతాం అంటే మా ఊళ్ళో పెడతాం అని మూడు ఊళ్ళూ పట్టుబట్టాయి. దిసరి కొడుకు అప్పటికి దిసరి అయ్యాడు. ఎత్తి నడవండి, బరువెక్కిన చోట దించండి, అన్నాడు. ఎత్తారు. అడుగుపుట్టులో భుజం అలిసేలోపు ఇంకో భుజం వచ్చింది. నడిమిపుట్టులో అలిసేలోపు ఇంకోటి. బోడిమెట్ట మీద పారలు మళ్ళీ మెట్లయ్యాయి. ఎక్కడా బరువెక్కలేదు. కొండ అయిపోయింది, దారి అయిపోయింది, అప్పుడు దించారు. పై చేను గట్టున ఒక రాయి నిలబెట్టారు.

ఇప్పటికీ ఆ కొండల్లో విత్తనాల గంప ముందు కొస ఎక్కుతుంది. ఆ రాయి పక్కన దిగాకే కిందికొస్తుంది. బోడిమెట్టకి రాతి మెట్లు వచ్చాయి, వాటిని సొంబారి మెట్లంటారు. ఏ విందైనా, ఏ పెళ్ళైనా మొదటి ఆకు ఊళ్ళో అందరికన్నా పైనున్న ఇంటివాళ్ళకే వేస్తారు. వాళ్ళు తినేదాకా నాయుడైనా ఆగాల్సిందే.

ఇంకోటి కూడా ఉంది. బరువుతో ఎక్కుతున్న మనిషి ఎదురైతే, మన దగ్గర ఎక్కడికి అని అడుగుతారు. ఆ దారుల్లో అలా అడగరు. "ఎక్కడ బరువెక్కింది?" అంటారు. అడిగినవాళ్ళు ఊరికే పోకూడదు. అవతలి మనిషి "ఇక్కడే" అన్నాడా, అడిగినవాళ్ళు బరువు అందుకోవాలి. అందుకే ఆ కొండ మీద ఆ మాట తేలిగ్గా ఎవరూ అడగరు. అడక్కుండా కూడా ఎవరూ పోరు.

గంప కొసకి చేరింది. కథ మీకు చేరింది. ఇక లేవండి, తొలకరి వచ్చేలా ఉంది.